ఓవెన్ ఎందుకు మరిచింది?

ప్రతి ఏడాది ఈ నివేదికలో పొదుపు ఎంత, అప్పు ఎంత, వసూలు ఎంత అని రాస్తాం. ఈసారి ఖర్చుల పేజీలో "తీర్మానం రద్దు, సభ్యురాలికి తిరిగి చెల్లింపు రూ.1,620" అని ఒక చిన్న వరుస ఉంది. దాని వెనుక సంగతి సర్వసభ్య సమావేశానికి వచ్చిన వాళ్లలో సగం మందికే తెలుసు. కల్వకుర్తి, అచ్చంపేట వైపు సమాఖ్యల అక్కలు కూడా అడిగారు. అందుకే ఇక్కడ పూర్తిగా రాస్తున్నాం. మా బిస్కెట్ల యూనిట్ గురించి రెండు పేజీలు రాద్దామని కూర్చుంటే, యంత్రాలకు జ్ఞాపకం ఎట్ల వచ్చిందనే దాకా పోయింది. పిల్లలు ఫోన్లలో వెతికి చదివి వినిపించారు, మెకానిక్ కొంత చెప్పిండు, మిగిలింది మాకు ముందే తెలిసినదే.

సమాఖ్య భవనం వెనుక గదిలో జొన్న, తైదల బిస్కెట్లు చేస్తున్నాం. కరెంటు ఓవెన్ అప్పు తీసుకుని కొన్నది. పోయిన యాసంగిలో ఒకే వారంలో రెండుసార్లు పెళ్లి ఆర్డరు ట్రేలు మాడిపోయాయి. ఆ రోజు పనిలో ఉన్న చెల్లె "నేను 180యే పెట్టిన అక్కా" అన్నది. పోయి చూస్తే బోర్డు మీద 180 అనే ఉంది. మరి ఎట్ల మాడినయ్? కంపెనీ మనిషి వచ్చి మెయిన్ ఆపి వేసి, ఒక ట్రే కాల్చి చూపించి, "ఓవెన్ మంచిగనే ఉంది, మీవాళ్లే టైం చూసుకోలేదు" అని సంతకం పెట్టించుకుని పోయిండు. యంత్రం అబద్ధమాడదు కద అనుకున్నం మేము. నష్టం రూ.4,860, ఆరు వాయిదాల్లో ఆమె గౌరవ వేతనం నుంచి పట్టుకోవాలని తీర్మానం రాసినం. నెలకు 810. రెండు వాయిదాలు పట్టుకున్నాం కూడా.

ఆమె గొడవ పెట్టుకోలేదు. గోడ మీది క్యాలెండర్ పాత కాగితాలు చింపి, వాటి వెనుక రాయడం మొదలుపెట్టింది: ఏ పూట ఏ ట్రే, బోర్డు మీద ఎంత, బిస్కెట్ రంగు ఎట్ల వచ్చింది, కరెంటు ఎప్పుడు పోయింది, ఎప్పుడు వచ్చింది. తన కొడుకుతో హైదరాబాద్ నుంచి ఓవెన్ లోపల పెట్టే గుండ్రటి థర్మామీటర్ తెప్పించుకుంది, సొంత డబ్బులతో. ఒక సాయంత్రం మమ్మల్ని పిలిచి చూపించింది. బోర్డు మీద 180. లోపల ముల్లు 215 మీద. ఆ తర్వాత మెయిన్ ఆపి, కొంచెంసేపు ఆగి వేసింది. రెండూ కలిసిపోయాయి.

ఈసారి కంపెనీ మనిషి వచ్చినప్పుడు బోర్డు మీద తప్పు గుర్తు కూడా వచ్చింది. పుస్తకం చూసి "మెమరీ ఫాల్ట్" అన్నాడు. బోర్డు మొత్తం మార్చాలి, రూ.18,500 అన్నాడు. మాకు రెండు సంగతులు ఒకేసారి తెలిసినయ్. మా చెల్లె తప్పు చేయలేదు. ఓవెన్‌కు మతి ఉంటది, అది పోతది.

కట్టెల పొయ్యికి ఏ మతీ లేదు. మంట ఎంతుందో వండేటామె కంటికి తెలుసు. ఈ ఓవెన్‌లో వేడిని ఒక సెన్సారు చూస్తుంది, బోర్డు మీది చిప్పు లెక్క కడుతుంది. సెన్సారు ఏ రకం, దాని అంకెను ఎంత సవరించుకోవాలి అన్నది ఫ్యాక్టరీలోనే ఒక చిన్న మెమరీ చిప్పులో రాసి పంపిస్తారు. కరెంటు పోయినా అది చెరిగిపోకూడదు. బోర్డు నిద్రలేవగానే ముందు ఆ రాత చదువుకోవాలి. చదవడం కుదరకపోతే తనలో ఉన్న మామూలు అంకెతో పని మొదలుపెడుతుంది, ఎవరికీ చెప్పకుండా. 180 అని చూపిస్తూనే 215 దాకా కాల్చింది అందుకే.

కరెంటు పోయినా చెరగని జ్ఞాపకం మన ప్రాంతంలో అందరం వాడినదే. ఓటు వేసే ఈవీఎం బ్యాటరీ తీసేసినా ఓట్ల లెక్క దానిలోనే ఉంటుంది. ఆ యంత్రాలు చేసే రెండు ప్రభుత్వ సంస్థల్లో ఒకటి మన హైదరాబాద్ ఈసీఐఎల్. 1982లో కేరళలోని పరవూరు నియోజకవర్గంలో మొదటిసారి ఈవీఎంతో ఓట్లు వేయించారు. 1996లో మన నల్లగొండ లోక్‌సభకు ఫ్లోరైడ్ నీళ్ల గోస ఢిల్లీకి వినిపించాలని 480 మంది పోటీకి నిలబడ్డారు. అప్పుడు బ్యాలెట్ పేపర్ పుస్తకమంత అయింది. ఆ కాలపు ఈవీఎంలో 64 మంది పేర్లకే చోటు. ఆ యంత్రం ఉన్నా ఆ రోజు పనికి వచ్చేది కాదు. యంత్రం జ్ఞాపకానికి చోటు కొలత ఉంటదని మన జిల్లాకు అప్పుడే తెలిసినట్టు.

అసలు యంత్రానికి జ్ఞాపకం పెట్టడం నేత పనిలాగే మొదలైంది. ఇది చదివి వినిపించినప్పుడు పోచంపల్లి వైపు నుంచి మా మండలానికి కోడలుగా వచ్చిన అక్క ఒకామె నవ్వింది. 1950ల నుంచి ఇరవై ఏళ్లపాటు కంప్యూటర్లలో జ్ఞాపకం అంటే గింజంత ఇనుప రసాయనపు ఉంగరాలు. ఒక్కో ఉంగరంలో నుంచి సన్నని తీగలు అడ్డంగా, నిలువుగా దూర్చేవారు. ఉంగరం అయస్కాంతం ఒకవైపు తిరిగితే ఒకటి, ఇంకోవైపు తిరిగితే సున్నా. మగ్గం మీద పడుగు, పేక ఎట్లనో అట్లనే. బొంబాయిలో టాటా ఇన్‌స్టిట్యూట్ వాళ్లు కట్టిన టిఫ్రాక్ కంప్యూటర్‌లో ఇటువంటి ఉంగరాలే. 1967లో డాక్టర్ ఎ.ఎస్. రావు నాయకత్వంలో హైదరాబాద్‌లో మొదలైన ఈసీఐఎల్ చేసిన టీడీసీ–12 కంప్యూటర్‌దీ ఆ కాలమే. ఏ.ఎస్. రావు నగర్ ఆయన పేరు మీదే ఉంది. మనం బస్సులో దాటిపోతూనే ఉంటాం.

ఆ తీగలు దూర్చింది ఎక్కువగా ఆడవాళ్లే. 1969 జూలైలో చంద్రుడి మీద మనుషులను దింపిన అపోలో ఓడ కంప్యూటర్‌కు కార్యక్రమం మొత్తం తీగలతో అల్లారు. అమెరికాలో మసాచుసెట్స్ రాష్ట్రం వాల్తమ్ ఊళ్లో రేథియాన్ కంపెనీ ఫ్యాక్టరీలో కూర్చుని అల్లినవాళ్లు ఆడకూలీలు. తీగ ఉంగరంలో నుంచి పోతే ఒకటి, పక్క నుంచి పోతే సున్నా. ఒక్క తీగ తప్పు పోతే కనిపెట్టి మళ్లీ అల్లడానికి వారాలు పట్టేది. అందుకని అల్లకముందే వందసార్లు సరిచూసుకునేవారు. ఇంజనీర్లలో కొందరు దాన్ని "ముసలమ్మల మెమరీ" అని వేళాకోళంగా పిలిచేవారట. ఆ ముసలమ్మలు అల్లిన మెమరీ చంద్రుడి దాకా పోయి వచ్చింది.

పోచంపల్లి అక్క ఎందుకు నవ్విందంటే, వాళ్లకిది కొత్త కాదు. చిటికి బట్టలో డిజైను మగ్గం మీద పుట్టదు. నూలుకు ముందే ముడులు కట్టి రంగులు అద్దుతారు. బట్ట నేయకముందే ఆ బొమ్మ నూలుకు గుర్తుంటుంది. దానికి ముందు ఆసు పోయాలి. మేకులకు దారం వేస్తూ, తీస్తూ, ఒక్క చీరకు చెయ్యి 9,000 సార్లు పైకీ కిందికీ ఆడించాలి. అంతా ఇంట్లో ఆడవాళ్ల భుజాల మీదే. ఆలేరు దగ్గర శారాజీపేటకు చెందిన చింతకింది మల్లేశం తన తల్లి లక్ష్మమ్మ భుజం నొప్పి చూడలేక ఏళ్లు కష్టపడి 1999లో ఆసు యంత్రం చేసిండు. తల్లి పేరే పెట్టిండు. ఆయనకు 2017లో పద్మశ్రీ వచ్చింది. చేతికి గుర్తున్న లెక్కను యంత్రానికి నేర్పడం ఎంత కష్టమో ఆయన కథ విన్నవాళ్లకు తెలుసు. మా ఓవెన్ ముచ్చట దాని ముందు చిన్నదే.

ఉంగరాల జ్ఞాపకానికి ఒక మంచి గుణముండేది: కరెంటు పోయినా మరిచేది కాదు. ఆ తర్వాత చవకగా, చిన్నగా చిప్పులు వచ్చినయ్. వాటిలో చాలావాటికి కరెంటు పోగానే అంతా పోయేది. 1970 ప్రాంతంలో ఇంటెల్ కంపెనీలో డోవ్ ఫ్రోమన్ అనే ఆయన చెడిపోతున్న మెమరీ చిప్పులు ఎందుకు చెడిపోతున్నయో వెతుకుతున్నాడు. చిప్పులో ఎక్కడో చిక్కుకుని, ఎటూ పోలేక నిలిచిపోయిన విద్యుత్తు వల్ల తప్పు వస్తున్నట్టు ఆయనకు అనిపించింది. అట్ల చిక్కుకున్నది అక్కడే నిలుస్తుందంటే, కావాలని చిక్కించి దాంతోనే గుర్తు పెట్టుకోవచ్చు కదా అని ఆలోచించాడు. 1971లో వచ్చిన ఈప్రామ్ చిప్పు అట్ల పుట్టింది. చెరపాలంటే దాని అద్దపు కిటికీ మీద అతినీలలోహిత కాంతి వేయాలి. అదే దశాబ్దం చివరికి కరెంటుతోనే చెరిపి రాసే ఈఈప్రామ్ చిప్పులు వచ్చినయ్. మా ఓవెన్ బోర్డు మీద ఉన్నది ఆ జాతి చిప్పే, ఎనిమిది కాళ్లది, గోరంత. చెడిపోయిన దాన్ని ఎందుకు చెడిపోయిందని అడిగినందుకే మొదట ఆ జాతి పుట్టిందన్నమాట.

ఇంకొక కథ మన నల్లగొండ, మహబూబ్‌నగర్ వాళ్లు తప్పకుండా వినాలి. 1978లో ఇంటెల్ చిప్పుల్లో అప్పుడప్పుడు ఏ కారణం లేకుండా ఒక్క అంకె మారిపోయేది. చిప్పు బాగానే ఉండేది, మళ్లీ రాస్తే సరిగ్గా పనిచేసేది. టిమోతీ మే, మర్రే వుడ్స్ అనే ఇద్దరు వెతికితే కారణం చిప్పు పైన కప్పిన పింగాణీ తొడుగులో దొరికింది. అందులో రవ్వంత యురేనియం, థోరియం కలిసి ఉంది. వాటి నుంచి వచ్చే కణాలు అంకెను తిప్పేస్తున్నాయి. ఆ తొడుగులు చేసే ఫ్యాక్టరీకి నీళ్లు ఒక పాత యురేనియం గని కిందికి పారే నది నుంచి వచ్చేవట. లంబాపూర్, పెద్దగట్టు యురేనియం గనుల మీద 2003లో జరిగిన ప్రజాభిప్రాయ సేకరణకు పోయిన అక్కలు మాలో ఉన్నారు. 2019లో నల్లమల కోసం అమ్రాబాద్ వైపు కొట్లాడిన వాళ్లూ ఉన్నారు. ఆ ఏడాది సెప్టెంబర్‌లో యురేనియం తవ్వకాలు వద్దని శాసనసభ కూడా తీర్మానం చేసింది. ఇది విన్న ఒక అక్క "చిప్పుకే పడకపాయె, మనకు పడ్తదా" అన్నది. మా ఓవెన్ మరుపుకు యురేనియంకు సంబంధం లేదు. చెప్పకుండా ఉండలేక రాశాం.

ఇక మా బోర్డు సంగతి. నల్లగొండలో పాత టీవీలు బాగుచేసే ఒక పెద్దాయన దగ్గరికి ఓవెన్ బోర్డు, ఆమె రాసిన కాగితాలు రెండూ పట్టుకుని పోయినం. డబ్బా టీవీల కాలంలో ఛానెళ్లు, రంగులు గుర్తుపెట్టుకునేదీ ఇదే ఎనిమిది కాళ్ల చిప్పట. మెకానిక్‌లు దాన్ని "మెమరీ ఐసీ" అంటారు. ఆయన బోర్డు ముట్టకముందు కాగితాలు చదివిండు. ఆ పద్ధతి మాకు నచ్చింది.

ఇటువంటి మరుపుకు మూడు కారణాలు ఉంటాయని చెప్పిండు. ఒకటి, చిప్పు అరిగిపోవడం. రాస్తూ చెరుపుతూ పోతే పలక అరిగినట్టు చిప్పు కూడా అరుగుతుంది. ఈ రకం పాతవి ఒక్కో చోట లక్షసార్లు రాయడానికి, కొత్తవి పది లక్షలసార్లు రాయడానికి చేస్తారు. మా బుక్ కీపర్ వెంటనే లెక్క కట్టింది. కరెంటు పోయి వస్తే మా ఓవెన్ మిగిలిన నిమిషాల నుంచి మొదలుపెడుతుంది, అంటే ఎక్కడో రాసుకుంటోంది. నిమిషానికోసారి అదే చోట రాసుకుంటే రోజుకు ఎనిమిది గంటల్లో 480 సార్లు. లక్షకు 208 రోజులు. మా ఓవెన్ రెండేళ్లది. మేమంతా ఇదే కారణమనుకున్నం. ఆయన కాదనలేదు, "చూద్దాం" అన్నడు.

రెండోది, కాలు టంకం వదలడం. అట్లయితే బోర్డు వేడెక్కినంక మరుస్తది, తడితే మారుతది. మూడోది, చిప్పు బాగుండి దానికొచ్చే కరెంటు సరిగ్గా లేకపోవడం.

ఈ మూడింట్లో ఏదో కాగితాలే చెప్పినయ్. ఇరవై రెండు రోజుల రాత. అందులో ఓవెన్ ఆరుసార్లు మరిచింది. ఆరుకు ఆరుసార్లు కరెంటు పోయి వచ్చిన తర్వాతే, అదీ మెయిన్ వేసి ఉండగా వచ్చినప్పుడే. పొద్దున చల్లగా మొదలుపెట్టినప్పుడు ఒక్కసారీ లేదు. మధ్యాహ్నం దాకా బాగా వేడెక్కి ఉన్నప్పుడూ లేదు. అరిగిన చిప్పు అయితే ఎప్పుడంటే అప్పుడు మరవాలి. టంకం అయితే వేడికి మరవాలి. ఇది కరెంటు తిరిగి వచ్చే ఆ రెండు క్షణాల్లోనే మరుస్తున్నది.

మన దగ్గర ఆ రెండు క్షణాలు ఎట్లుంటయో అందరికీ తెలుసు. వ్యవసాయానికి రాత్రి వంతు కరెంటు ఇచ్చే రోజుల్లో రైతులు బోరు మోటార్లకు ఆటో స్టార్టర్లు పెట్టుకున్నరు, అర్ధరాత్రి లేచి పోకుండా. పాములు, తేళ్లు, చీకట్లో తడి చేతులతో డబ్బా ముట్టి పోయిన ప్రాణాలు మనం చూసినం. 2018 జనవరి 1 నుంచి వ్యవసాయానికి 24 గంటల కరెంటు మొదలైనప్పుడు వాటిని తీసేయమని ప్రభుత్వం చెప్పింది. కొన్ని పోయినయ్, కొన్ని ఉన్నయ్. లైను పోయి వచ్చిందంటే ట్రాన్స్‌ఫార్మర్ కింది మోటార్లన్నీ ఒక్కసారి గుంజుకుంటయ్. వోల్టేజీ లేచి, కూలి, మళ్లీ లేస్తది. బల్బు ఎర్రగా అయి తెల్లబడుతుంది కద, అదే. యాసంగిలో ఇది ఎక్కువ. మా ట్రేలు మాడింది యాసంగిలోనే.

పెద్దాయన ముందు చిప్పును విప్పి తన దగ్గరున్న పరికరంలో పెట్టి చదివిండు. ఫ్యాక్టరీ వాళ్లు రాసిన అంకెలన్నీ ఉన్నయ్, ఒక్కటీ చెరగలేదు. వాటిని ముందు తన కంప్యూటర్‌లో దాచుకున్నడు. తర్వాత ఖాళీ చోట కొత్త అంకెలు రాసి, కరెంటు తీసి పెట్టి, పదిసార్లు చదివిండు. నిలిచినయ్. చిప్పు అరగలేదు, మా బుక్ కీపర్ భయపడినట్టు కాలేదు. అప్పుడు బోర్డు తిప్పి ఒక కెపాసిటర్ చూపించిండు, తల ఉబ్బి ఉంది. కరెంటు వచ్చినప్పుడు ఊగకుండా కొంచెం నిలిపి పట్టేది అదే. ఓవెన్ వేడికి ఎండిపోయింది. దాంతో చిప్పుకు అయిదు వోల్టులు అందాల్సిన చోట తక్కువ అందుతుండగానే బోర్డు నిద్రలేచి చదవబోయేది, రాత కనబడేది కాదు, మామూలు అంకెతో పని మొదలుపెట్టేది. మెయిన్ ఆపి, ఆగి వేస్తే మళ్లీ మంచిగ చదివేది. కంపెనీ మనిషి వచ్చిన మొదటి రోజు ఏ తప్పూ దొరకనిది కూడా ఇందుకే. ఆయన వేసిన మెయిన్‌తో అది సరిగ్గా లేచింది.

అంటే ఓవెన్ ఏదీ మరవలేదు. నిద్రమత్తులో చదవలేకపోయింది, అంతే.

కెపాసిటర్ ఖరీదు చెబితే నవ్వుతారు, చాయ్ పైసలు. ఆయన కూలి రూ.400. కరెంటు వచ్చినంక మూడు నిమిషాలు ఆగి లోపలికి వదిలే టైమ్ డిలే స్టెబిలైజర్ కొన్నం, ఖర్చంతా అదే. బోర్డు మార్చలేదు. ఆ తర్వాత యాసంగి అయిపోయేదాకా బోర్డు మీది అంకె, లోపలి ముల్లు ఒక్కసారి కూడా వేరు కాలేదు.

తీర్మానం సంగతి అంత సులువు కాలేదు. పొదుపు సంఘాలు కొత్తగా పెట్టిన రోజుల్లో ఎవరు ఎంత కట్టిందీ నోటి లెక్కే, గోడ మీద బొగ్గు గీతలే. 1995 తర్వాత మహబూబ్‌నగర్, కర్నూలు, అనంతపురంలో ఐక్యరాజ్యసమితి అభివృద్ధి సంస్థ పేదరిక నిర్మూలన కార్యక్రమం వచ్చి, సంఘాలు, మండల సమాఖ్యలు ఏర్పడి, మినిట్స్ బుక్కు, పాస్‌బుక్కు మనకు అలవాటైనయ్. ఆ రోజుల్లో సీసీలు మాకు నేర్పిన మొదటి పాఠం: తీర్మానం పేజీ చింపొద్దు, కొట్టివేయొద్దు, దిద్దొద్దు. తప్పయితే ఇంకో తీర్మానం రాయండి. కాబట్టి కొత్త తీర్మానం రాసినం: పాతది రద్దు, పట్టుకున్న రూ.1,620 తిరిగి ఇవ్వాలి, థర్మామీటర్ పైసలు సమాఖ్య ఇవ్వాలి.

ఆమె పైసలు తీసుకుంది. కానీ కూర్చోలేదు. "పాత పేజీల నేను మాడగొట్టిన అనే ఉంటది కద. రేపు నా బిడ్డ సంఘంల చేరితే ముందు అదే చదువుతది, వెనుక పేజీ ఎవరు తిప్పుతరు" అన్నది. చాలాసేపు మాట్లాడినం. దిద్దితే ఆడిట్‌కు తప్పు. దిద్దకపోతే ఆమెకు తప్పు. చివరికి పాత తీర్మానం అక్షరం ముట్టకుండా, పక్కన అంచులో ఎర్ర సిరాతో "ఇది తప్పు, ఫలానా తేదీ తీర్మానం చూడండి" అని రాసి, ఆ రోజు చేతులెత్తిన పదకొండు మందిమీ కింద సంతకాలు పెట్టినం. వేలిముద్ర వేసే అక్క తొందరపడి వేలు ఎర్ర సిరాలోనే ముంచింది. అట్లనే ఉంచినం.

క్యాలెండర్ కాగితాల బదులు ఇప్పుడు లావు రిజిస్టర్ ఇచ్చాం. రాసేది ఆమే. బోర్డు మీది అంకె ఒక గడిలో, ముల్లు చూపేది పక్క గడిలో. మూడో రిజిస్టర్ నడుస్తున్నది.